అద్దె భారము – ప్రభుత్వ సహాయము

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలందురు. కట్టుకొనజాలని వాని సంగతి ఆ సామెతలో లేదు. అతడు అద్దె యింట కాపురముండును. జీతము చేతికందగనే మొదట వెడలిపోవునది అద్దె. మిగిలిన దానితోనే బియ్యము, మందులు, పిల్లల చదువు. పని పోయినను, జబ్బు చేసినను అద్దె మాత్రము ఆగదు. అట్టివేళ ప్రభుత్వమేమి చేయవలెను? ఈ ప్రశ్నకు నూరేండ్లకు పైగా సమాధానము వెదకుచున్న దేశము బ్రిటను. దాని అనుభవమును ఈ ప్రసంగమున పరిశీలింతము.

మొదటి ప్రపంచ యుద్ధకాలమున గ్లాస్గో నగరమునకు ఓడల నిర్మాణశాలలలో, ఆయుధ కర్మాగారములలో పనికై జనులు వెల్లువగా వచ్చిరి. ఇండ్ల యజమానులు అద్దెలు పెంచిరి. 1915లో మేరీ బార్బర్ మొదలగు స్త్రీల నాయకత్వమున వేలాది కుటుంబములవారు ఆ పెంపును చెల్లింపమని పట్టుబట్టిరి. ఆ యేడే చిన్న యిండ్ల అద్దెలను 1914 ఆగస్టు నాటి స్థాయిలో నిలుపుచు పార్లమెంటు చట్టము చేసెను. 1919 చట్టముచే పురపాలక సంఘములు ఇండ్లు కట్టి అద్దెకిచ్చుటకు ప్రభుత్వ ధనసహాయము లభించెను. అయినను ఆ క్రొత్త యిండ్ల అద్దె నిరుపేదలకు అందుబాటులో లేకపోయెను.

1930 చట్టము పేదలకు అద్దె తగ్గించు అధికారమును సంఘములకిచ్చెను. లీడ్సు నగరమున గృహనిర్మాణ సంఘాధ్యక్షుడైన చార్లెస్ జెంకిన్సన్ అను క్రైస్తవ మతాచార్యుడు 1934లో దీనిని సాహసముతో అమలుపరచెను. కుటుంబపు రాబడిని, అవసరమును బట్టి అద్దె. మిక్కిలి పేదలకు అద్దెయే లేదు. కాని కాస్త కలిగినవారి అద్దె పెరిగెను. పొరుగువాని అద్దె మేమేల భరింపవలెనని వారు కోపించిరి. 1935 నగర ఎన్నికలలో జెంకిన్సన్ పక్షము ఓడిపోయెను. పేదవానికి చేయు సహాయపు భారమును అతని ప్రక్కింటివాని పైననే మోపినచో మంచి పథకము కూడ నిలువజాలదని ఇందువలన తెలియుచున్నది.

1972 చట్టము ఈ సహాయమును దేశమంతట తప్పనిసరి చేసెను. పురపాలక సంఘముల ఇండ్లలోని పేదలకు అద్దె తగ్గింపు, ప్రైవేటు ఇండ్లలోని పేదలకు అద్దె భత్యము ఏర్పడెను. అయితే ఆ చట్టమే పురపాలక సంఘముల అద్దెలను పెంచుమని ఆజ్ఞాపించెను. క్లే క్రాస్ అను చిన్న పట్టణమున 11 మంది సభ్యులు ఆ పెంపునకు నిరాకరించి జరిమానాకు, పదవీచ్యుతికి గురియైరి. 1982, 83లలో ఉభయ సహాయములును గృహ భత్యమను ఒకే పథకమున చేరెను.

ఇచ్చట సూక్ష్మమొకటి కలదు. ప్రభుత్వ ధనము ఇటుకలకు పోవలెనా, మనుష్యులకు పోవలెనా? ఇండ్లు కట్టుటకు వెచ్చించిన ధనము ఇండ్లుగా నిలుచును. అద్దెదారునకిచ్చిన ధనము ఆపద్ధర్మముగా వెంటనే ఆదుకొనును. కాని ఇండ్లు చాలనిచోట అది యజమాని పెట్టెను చేరును. 1988 చట్టము క్రొత్తగా కుదుర్చుకొను ప్రైవేటు అద్దెలపై కట్టడిని తొలగించెను. అద్దెలతోపాటు ప్రభుత్వ వ్యయమును పెరిగెను. అంతట భత్యమునకే హద్దులు వచ్చెను. 2011లో ఆ హద్దును ఆయా ప్రాంతపు అద్దెలలో చౌకయైన నూటికి 30 పాళ్లవరకు కుదించిరి. 2016 మొదలు 2020 వరకును, తిరిగి 2020 మొదలు 2024 వరకును దానిని కదలనీయలేదు. అద్దె 800 పౌనులు, హద్దు 650 పౌనులు అనుకొందము. తక్కిన 150 పౌనులు ఆ కుటుంబపు తిండి ఖర్చునుండియే రావలెను గదా! 2013 మొదలు సంఘముల ఇండ్లలో గది యొకటి అదనముగా నున్నదని లెక్కతేలిన పనిచేయు వయసువారికి, లెక్కకు వచ్చు అద్దెలో నూటికి 14 వంతులు, రెండు గదులైన 25 వంతులు కోత పడెను.

మన సంగతి చూతము. 1960లో ఆంధ్రప్రదేశమున చేసిన అద్దె నియంత్రణ చట్టము న్యాయమైన అద్దె నిర్ణయించుటకు, నిష్కారణముగా ఖాళీ చేయింపకుండుటకు ఉద్దేశింపబడినది. అది అద్దెదారుని చేతికి ధనమిచ్చునది కాదు. నెలజీతగానికి ఇంటి అద్దె భత్యము కలదు. దినకూలికి అదియు లేదు. సహాయము ఎక్కువ కావలసినది ఎవరికో వేరుగ చెప్పనక్కరలేదు.

అద్దె సహాయము గొడుగు వంటిది. వాన కురియువేళ గొడుగు కావలసినదే. కాని గొడుగు పట్టుకొని ఎన్నాళ్లు నిలువగలము? పైకప్పు వేయు పనియు వెంట సాగవలెను. ఆ రెండును కలిసి నడచిననాడే అద్దె యింటివాడు నిశ్చింతగా నిదురపోగలడని మా నమ్మకము.