ఒకే బంతిన కూర్చున్నాక: విశ్వాస పరిచయ తరగతులూ మన విచారణలూ

(ఉపదేశుల స్మారకోపన్యాసం, సదాశివనగర్)



ఈ ఉపన్యాసానికి ఏ ఒక్కరి పేరూ పెట్టలేదు. గురువులు ఎప్పుడో ఒకసారి మాత్రమే రాగలిగిన పల్లెల్లో పిల్లలకు జపాలు నేర్పి, రోగి మంచం పక్కన కూర్చుని, చావింట ప్రార్థన చెప్పిన ఉపదేశుల జ్ఞాపకార్థం దీన్ని ఏర్పాటు చేశారు. వాళ్ల పనిని ఇవాళ ఎలా కొనసాగించాలన్నదే నా విషయం. విశ్వాసాన్ని మొదటిసారి పరిచయం చేసే చిన్న తరగతులు చాలా దేశాల కథోలిక విచారణల్లో (పారిష్‌లలో) సాగుతున్నాయి. అవి మనకూ పనికొస్తాయని నా అభిప్రాయం. అయితే జ్ఞానస్నానాల లెక్క పెంచుకునే ఉపాయంగా వాటిని చేపడితే చెడిపోతాం. విచారణ తన నడత దిద్దుకునే సాధనగా చేపడితే బాగుపడతాం.

ఈ పని కొత్తది కాదు. క్రీ.శ. 400 ప్రాంతంలో కార్తేజు నగరంలో దేవోగ్రాసియాస్ అనే డీకను ఉండేవాడు. క్రైస్తవం గురించి తెలుసుకోవాలని వచ్చినవాళ్లను అతని దగ్గరికి పంపేవారు. చెప్పిందే చెప్పి చెప్పి తనకే విసుగు పుడుతోందని అతను హిప్పో పీఠాధిపతి పునీత అగస్తీనువారితో మొరపెట్టుకున్నాడు. ఆయన జవాబుగా ఒక చిన్న గ్రంథమే రాసిచ్చారు. వచ్చినవాడు ఎందుకొచ్చాడో ముందు కనుక్కోమన్నారు. చదువుకున్నవాడితో ఒక తీరుగా, పల్లెటూరివాడితో ఇంకో తీరుగా మాట్లాడమన్నారు. వినేవాడు అలసిపోతే కూర్చోబెట్టి చెప్పమన్నారు. చివర రెండు నమూనా ప్రసంగాలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, చేర్చారు. పరిచయ తరగతుల గురించి పదహారు వందల ఏళ్ల తర్వాత కూడా దీనికి మించి చెప్పగలిగింది తక్కువే.

పసిపిల్లల జ్ఞానస్నానం మామూలైపోయాక పెద్దలను సిద్ధం చేసే ఆ సుదీర్ఘ క్రమం మరుగున పడింది. రెండవ వాటికన్ మహాసభ దాన్ని మళ్లీ లేపి నిలబెట్టింది. ఆ సభ నిర్ణయం ప్రకారం 1972లో పెద్దల క్రైస్తవ ప్రవేశ క్రమం వెలువడింది. అందులో నాలుగు దశలున్నాయి: మొదట విచారించి తెలుసుకునే కాలం, తర్వాత ఉపదేశ కాలం, తపస్సుకాలంలో శుద్ధీకరణ, పాస్కా తర్వాత దివ్య సంస్కారాల భావాన్ని ధ్యానించే కాలం. మన దగ్గర రెండో దశకు పుస్తకాలున్నాయి, ఉపదేశులున్నారు. మొదటి దశకు చోటే లేదు. అడగాలని వచ్చిన మనిషికి నేరుగా జపాల పుస్తకం చేతికిస్తున్నాం.

ఆ చోటు ఎలా ఉండవచ్చో చూపించిన నమూనాల్లో ఆల్ఫా ఒకటి. అది కథోలికులది కాదు. 1977లో లండన్‌లోని హోలీ ట్రినిటీ బ్రాంప్టన్ అనే ఆంగ్లికన్ గుడిలో మొదలైంది. 1990 నుంచి నిక్కీ గంబెల్ దాన్ని గుడికి రానివాళ్ల కోసం తీర్చిదిద్దారు. వారానికొక సాయంత్రం, దాదాపు పదకొండు వారాలు. ముందు కలిసి భోజనం, తర్వాత చిన్న ప్రసంగం, ఆ తర్వాత చిన్న గుంపుల్లో చర్చ. మధ్యలో పవిత్రాత్మ గురించి ఒక వారాంతం. జగద్గురువుల నివాసంలో ప్రసంగీకులుగా పనిచేసిన రనియేరో కాంతలమెస్సా గురువులు దీన్ని సమర్థించారు. కెనడాలోని హాలిఫాక్స్‌లో జేమ్స్ మాలన్ గురువులు విచారణ పునరుద్ధరణలో దీన్ని వాడుకుని, 2014లో ఆ అనుభవాన్ని పుస్తకంగా రాశారు.

దీని మీద కథోలికుల అభ్యంతరాలు కూడా న్యాయమైనవే. దివ్య సత్ప్రసాదం, మరియమాత, శ్రీసభ గురించి అందులో దాదాపు ఏమీ ఉండదు. కాబట్టి దాన్ని మొదటి మెట్టుగానే చూడాలి. తర్వాతి మెట్లు కట్టుకోకుండా దీన్నొక్కదాన్నే నడిపితే వచ్చినవాళ్లు మధ్యలో ఆగిపోతారు.

ఇక మన నేల సంగతి. సదాశివనగర్ చుట్టుపక్కల క్రైస్తవం అనగానే జనానికి గుర్తొచ్చేవి రెండు: 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి, ఈ హైవే మీదే ఉత్తరానికి పోతే వచ్చే డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ నెలకొల్పిన కుష్ఠు ఆసుపత్రి. రెండూ వెస్లియన్ మిషన్ పుణ్యమే. ఆ సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో (సీఎస్ఐలో) కలిశాయి. ఇక్కడ కథోలికులం కొద్దిమందిమి. మన తరగతికి సీఎస్ఐ కుటుంబం నుంచి ఎవరైనా వస్తే వాళ్లను లాక్కోవడం మన పని కాదు. అక్కడ సరిగ్గా బాప్తిస్మం పొందినవారికి మళ్లీ జ్ఞానస్నానం ఇవ్వకూడదన్నది శ్రీసభ నియమం కూడా.

ఎవరినైనా ఎలా చేర్చుకోవాలో చెప్పే కరువు కాలపు పాఠం ఒకటుంది. 1876–78 నాటి గొప్ప కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. కానీ కరువు సాయం సాగినన్నాళ్లు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆగాడు. ఆ తర్వాతే, 1878 జూలై 3న, ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆ అంకెను అందరూ చెబుతారు. అంతకుముందు ఆయన ఆగిన నెలలే నాకు ముఖ్యం. 1965 నాటి రెండవ వాటికన్ మహాసభ పత్రం కూడా బలవంతాన్నీ ప్రలోభాన్నీ ఖండితంగా నిషేధించింది.

ఆ నిజాయితీ ఇవాళ ఇంకో రూపంలో కావాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వచ్చిన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో అతను బీసీ-సీ కిందికి వస్తాడు, రిజర్వేషన్ ఒక్క శాతం. ఇది అన్యాయమని మనం వాదించవచ్చు, వాదించాలి. కానీ తరగతికి వచ్చిన యువకుడికి ఈ సంగతి జ్ఞానస్నానానికి ముందే విడమరిచి చెప్పాలి. దాచిపెట్టి తెచ్చుకున్న సంఖ్యలో సువార్త లేదు.

అన్నిటికన్నా కష్టమైన పాఠం భోజనం దగ్గరుంది. లండన్‌లో భోజనం మాట కలపడానికి. మన ఊళ్లో ఎవరు వండారు, ఎవరు వడ్డించారు, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు అన్నదే మొదటి ప్రసంగం. అంతియోకులో అన్యులతో కలిసి తింటున్న పేతురుగారు యాకోబు మనుషులు రాగానే వెనక్కి తగ్గితే, పౌలుగారు అందరి ముందూ ఎదిరించారు. గలతీయుల లేఖ రెండో అధ్యాయంలో ఆ ఘట్టముంది. శ్రీసభలో కుల వివక్ష ఉందని ఒప్పుకుంటూ, అది పాపమని చెబుతూ భారత కథోలిక పీఠాధిపతులు 2016లో దళిత సాధికారత విధానం ప్రకటించారు. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంతోనిగారు దళితుల నుంచి వచ్చిన మొదటి కార్డినల్ అయ్యారు. రోములో దక్కిన ఆ గౌరవం మన బంతిలో కనబడాలి. ఒకే బంతిన తినలేని విచారణ పరిచయ తరగతి పెట్టకపోవడమే మేలు.

ఆచరణకు వస్తే కొన్ని సూచనలు. నాట్లు, కోతల రోజుల్లో తరగతి పెట్టొద్దు. బీడీలు చుట్టే అక్కలకు ఆ రోజు లెక్క అప్పజెప్పాకే తీరిక. వేళ వాళ్లనే అడిగి పెట్టండి. అన్నం, పప్పు చాలు. విందు చేస్తే ప్రలోభమనిపిస్తుంది. ప్రసంగం అర్ధగంట దాటకూడదు, ప్రశ్నలకు అంతకు రెట్టింపు సమయం. గుంపును నడిపేది గురువులు కాక, గల్ఫుకు పోయి వచ్చిన తమ్ముడో, పిల్లలను ఒంటరిగా పెంచిన అక్కో అయితే మంచిది. ఉపదేశం చెప్పేవాళ్లకంటే బతికి చూపినవాళ్ల మాటనే జనం వింటారని ఆరవ పౌలు జగద్గురువులు 1975లోనే గుర్తించారు. తొలి ప్రకటన దేవుని ప్రేమతో మొదలవ్వాలనీ, ఓపికగా వినాలనీ ఫ్రాన్సిస్ జగద్గురువులు 2013లో రాశారు. వచ్చినవాళ్ల ఫొటోలు తీయకండి. తరగతులు ముగిశాక స్నేహితుడిగా వెళ్లిపోయేవాణ్ని మర్యాదగా సాగనంపండి. ముందుకొస్తానన్నవాణ్ని తొందరపెట్టక ఉపదేశ కాలంలోకి తీసుకోండి.

మొదటి గుంపులో బయటివాళ్లు కాక, పుట్టుకతో కథోలికులైన మనవాళ్లే ఉంటే నిరాశపడొద్దు. జపాలన్నీ నోటికొచ్చినా, అవి ఎందుకు చెబుతున్నామని ఒక్కసారీ అడగని ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. వాళ్లు అడగడం మొదలుపెడితే విచారణ సగం మారినట్టే.

వచ్చే తపస్సుకాలం లోపు ప్రతి విచారణా ఏడెనిమిది మందితో ఒక్క గుంపును నడపాలని గురువులనూ ఉపదేశులనూ కోరుతున్నాను. ఎంతమంది చేరారని కాదు, ఎన్ని ప్రశ్నలు విన్నామని లెక్క రాసుకోండి.