పీఎఫ్‌లో మీవాళ్ల పేరుందా?

నెలనెలా జీతంలో పీఎఫ్ కట్ అవుతోంది కదా, నామినీగా ఎవరి పేరుందో చూసుకున్నారా?

ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే, పీఎఫ్‌తోపాటే ఉండే ఈడీఎల్ఐ బీమా కింద ఇంటివాళ్లకు రూ.7 లక్షల దాకా వస్తుంది. దీనికి మీ జీతంలోంచి ఒక్క రూపాయి కూడా పట్టరు, యజమానే కడతారు. కానీ నామినీ పేరు లేకపోతే, మీవాళ్లు ఆ దుఃఖంలోనే కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి. పెళ్లికి ముందు నామినేషన్ ఇచ్చారా? పెళ్లయ్యాక మళ్లీ ఇవ్వాలి.

యూఏఎన్‌తో మెంబర్ పోర్టల్‌లోకి వెళ్లి, పేర్లు, వాటాలు నింపి, ఆధార్ ఓటీపీతో ఈ-సైన్ చేయండి. ఈ-సైన్ చేయనిదే పని పూర్తయినట్టు కాదు.

ఫోన్‌లో కుదరకపోతే మొహమాటపడకండి. షిఫ్టు మారేటప్పుడు ఒక టేబుల్ వేసి దగ్గరుండి చేయించమని హెచ్‌ఆర్‌ను అడగండి. ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పకండి, మీరే కొట్టండి.