బూజు పట్టిన గింజ

వేరుశనగకాయలను బాగుగా ఆరకముందే గోతాలకెత్తిన యెడల, కొన్ని గింజలకు ఆకుపచ్చని బూజు పట్టుట మనమందఱము చూచినదే. మన యిండ్లలో అట్టి గింజలను ఏఱి గేదె కుడితిలో వేయుదురు. వస్తువు వ్యర్థము కాలేదని తృప్తిపడుదురు. ఆ తృప్తి ఎంతవఱకు న్యాయమో నేడు విచారింతము.

1960లో ఇంగ్లండులో 1,00,000కు పైగా టర్కీ కోడిపిల్లలు కొలది నెలలలో చనిపోయినవి. అంటురోగమేమో యని వెదకిరి. రోగక్రిమి యేదియు దొరకలేదు. తుదకు దోషము మేతలో కలిపిన బ్రెజిలు దేశపు వేరుశనగ పిండిలో నున్నట్లు తేలినది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు అందులో విషమును విడిచినది. బూజు పేరులోని అక్షరములు కూర్చియే ఆ విషమునకు అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టిరి.

ఈ విషము కణములో చేయు పని విచిత్రము. పరాయి వస్తువులను మార్చి వెడలగొట్టుట కాలేయ కణముల వృత్తి. అందలి ఎంజైములు దీనిని మార్చబోయి, మూలముకంటె క్రూరమైన ఎపాక్సైడు రూపమునకు తెచ్చును. కావలివాడే దొంగ చేతికి కత్తి యిచ్చినట్లగును. ఆ రూపము కేంద్రకములోని డి.ఎన్.ఏ.ను అంటుకొని, జీవలిపిలో నొక అక్షరమును తాఱుమాఱు చేయును. కణముల పెరుగుదలను అదుపుచేయు పి53 జన్యువులో ఈ తప్పు పడినచో కాలేయ క్యాన్సరుకు బాట యేర్పడును. గ్లూటాథయోను అను పదార్థము ఈ విషమును కొంతవఱకు పట్టి బయటికి పంపును. మోతాదు మించినప్పుడు కణములే నశించును. కామెర్లు, పొట్టలో నీరు వచ్చును. 1974లో రాజస్థాన్, గుజరాత్ గ్రామములలో బూజుపట్టిన మొక్కజొన్న తిని 100 మందికి పైగా మరణించిరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు దానిని శోధించిరి.

ఇక గేదె మాట. గేదె కాలేయము ఈ విషములో కొంత భాగమును ఎం1 అను రూపమునకు మార్చును. అది పాలలోనికి దిగును. మనము పాఱవేసితిమనుకొన్నది పసిబిడ్డ పాలగిన్నెలోనికే తిరిగివచ్చును. పాలు కాచినను అది పోదు. గింజ వేయించినను విషము పూర్తిగా విఱుగదు.

కావున కాయలను గలగల మ్రోగునట్లు ఎండబెట్టవలెను. గోతాలను తడినేలపై నుంచరాదు. బూజు పట్టిన, ముడుతలు పడిన, చేదెక్కిన గింజను మనము తినరాదు. పశువుకు, కోడికి పెట్టరాదు. గుప్పెడు గింజలు మంటిపాలగుట నష్టమే. కాని బిడ్డ కాలేయముకంటె అవి విలువైనవి కావు గదా!