నీటి గీత



నగరపు కళ యనగానే మనకు శిలయు, కంచును స్ఫురించును. కూడలిలో నిలిపిన విగ్రహము నూఱేండ్లు నిలువవలెనని మన కోరిక. నేనిప్పుడు వానకును, పాదములకును మాసిపోయిన యొక కళాకృతిని గుఱించి చెప్పబోవుచున్నాను.

న్యూయార్కు సముద్రపుటొడ్డున నున్న మహానగరము. 1900 మొదలు నేటి వఱకు అచ్చటి సముద్రమట్టము ఇంచుమించు ఒక అడుగు పెరిగినది. భూమి వేడెక్కుటచే మంచు కరగుట, వెచ్చనైన నీరు వ్యాకోచించుట, వానికి తోడు ఆ ప్రాంతపు నేల మెల్లగా క్రుంగుట, ఇవి కారణములు. శాస్త్రజ్ఞులు లెక్కలతోను, పటములతోను ఈ సంగతిని ప్రకటించుచునే యుండిరి. కాని పటములోని అంకె పౌరుని గడప దాటి లోనికి పోదయ్యెను.

2007లో ఈవ్ మోషర్ అను కళాకారిణి ఆ అంకెను వీథిలోనికి తెచ్చెను. ఆటస్థలములలో హద్దులు గీయు సుద్దబండిని త్రోయుచు, సముద్రమట్టమునకు 10 అడుగుల యెత్తున నున్న తావులను కలుపుచు, మాన్‌హాటన్, బ్రూక్లిన్ వీథులలో నీలిగీత గీసెను. అది దాదాపు 70 మైళ్లు సాగినది. దారిపొడుగున జనులు ఆగి, ఇదేమని యడిగిరి. తుపానునాటి పొంగు ఇంతవఱకు రాగలదని ఆమె చెప్పెను. గీతకు ఏ ప్రక్కను తన యిల్లున్నదో చూచుకొనుటకు ఎవరికిని శాస్త్రజ్ఞానము అక్కఱలేదు.

సుద్ద మాసిపోయినది. 2012 అక్టోబరు 29న శాండీ తుపాను వచ్చెను. ఉప్పునీరు సొరంగ రైలుమార్గములలో నిండెను. నగరమున 40 మందికి మించి మరణించిరి. పెక్కు తావులలో నీరు ఆ గీత పోయిన దారినే వచ్చి నిలిచినది.

గీత యెవ్వరిని కాపాడలేదు గదా యని కొందఱనవచ్చును. నిజమే, గీత గోడ కాదు. గట్టు కట్టుట, నీటికి దారి చేయుట, పొగ తగ్గించుట ప్రభుత్వముల పని. కాని తన ముంగిటి అపాయమునెఱుగని ప్రజ ఆ పనిని కోరదు. ఆ యెఱుకను కలిగించుటయే ఇట్టి కళకు ప్రయోజనమని నా యభిప్రాయము.

తెలుగువారికి ఈ కళ క్రొత్తది కాదు. ఉదయమున వేసిన ముగ్గు సాయంకాలమునకు కాళ్లక్రింద చెదరిపోవును. అంతమాత్రమున అది వ్యర్థమని ఏ యిల్లాలును తలపదు. మఱునాడు మరల వేయును. మన తీరమునను కడలి ఊరకుండలేదు. ఉప్పాడను ఏండ్ల తరబడి కోయుచున్నది. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వేలమందిని మ్రింగినది. ఆనాడు నీరెంతవఱకు వచ్చెనో వ్రేలితో చూపగల పెద్దలు ఇంకను ఉన్నారు. వారుండగానే ఆ తావుల వెంట ఒక గీత గీయింపుడు. బడిపిల్లలే గీయవచ్చును. ఏటేట ఆ దినమున మరల గీయవలెను. దానికగు వ్యయము కొంచెము సుద్ద మాత్రమే.