గాలిలో బొమ్మ

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను ఇంటర్ చదివి ఫౌజులో చేరినవాణ్ణి, సైంటిస్టును కాను. పోయినేడు విజయ్ దివస్ నాడు మన చరోదాలో జరిగిన పొరపాటులో నా చెయ్యీ ఉంది గనుక మాట్లాడుతున్నాను.

మన బస్తీ నుంచి వెళ్ళి తిరిగిరాని కుర్రవాడి బొమ్మని మైదానంలో హోలోగ్రామ్‌గా నిలబెడదామనుకున్నాం. ఢిల్లీ ఇండియా గేట్ దగ్గర 2022 జనవరి 23న నేతాజీ గారి బొమ్మ అలాగే వెలిగింది కదా. ఎత్తు 28 అడుగులు, వెడల్పు 6 అడుగులు. ప్రొజెక్టరేమో 30,000 ల్యూమెన్లది, తెర 90 శాతం పారదర్శకం. అంత సరంజామా ఉన్నా, గాలి ఎక్కువైనప్పుడు ఆపాల్సి వచ్చిందని అప్పట్లో పేపర్లలో చదివాం. తెర ఊగితే బొమ్మా ఊగుతుంది, ఫోకస్ పోతుంది. అదే ఏడాది సెప్టెంబర్ 8న అక్కడ గ్రానైట్ విగ్రహం వచ్చింది. దానికి గాలి బాధ లేదు!

నిజానికి ఇది అసలు హోలోగ్రామ్ కాదు. డెనిస్ గేబర్ 1947లో కనిపెట్టి, 1971లో నోబెల్ అందుకున్నది వేరు. దాన్ని రికార్డు చేసేటప్పుడు మిల్లీమీటరులో పదివేలో వంతు కదలిక వచ్చినా బొమ్మ చెడుతుంది. మన యార్డులో గూడ్సు వ్యాగన్లు ఢీకొట్టుకుంటుంటే ఇక్కడ అది అయ్యే పని కాదు. మనం చేసింది సన్నని వల తెర మీద ప్రొజెక్టర్ వెలుగు వేయడం, అంతే.

ప్రొజెక్టర్ నలుపును వేయలేదు. నలుపు అంటే వెలుగు లేకపోవడమే. అందుకే నల్లని చోట తెర వెనకున్నది కనబడుతుంది. మా తెర వెనక యార్డు హైమాస్ట్ లైట్లు! పైగా డిసెంబరు చలి, సిగడీల బొగ్గు పొగ, లారీలు లేపిన దుమ్ము. పొగలో వెలుగు చెదిరి, ప్రొజెక్టర్ నుంచి తెర దాకా తెల్లటి చార కనబడింది. మంచుకి లెన్సు మీద చెమ్మ పట్టింది, తుడిస్తే మళ్ళీ పట్టింది. ముదురు ఆలివ్ యూనిఫాం మొత్తం మాయమైపోయింది.

ఆ కుర్రవాడి తల్లిని గౌరవంగా పక్క సోఫాలో కూర్చోబెట్టాం. ఇలాంటి తెర పక్క నుంచి చూస్తే ఇంకా మసక. ఆవిడ చాలాసేపు చూసి నన్ను పిలిచింది. "బాబూ, మావోడి మొకం ఏది? బొత్తాలొక్కటే అగుపిస్తన్నాయి" అంది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఏ ఆఫీసరు ముందూ నేను అలా తల దించుకోలేదు.

ఈసారి కూడా చెయ్యాలనే నా కోరిక. అయితే మైదానంలో వద్దు, హాల్లో చేద్దాం. కిటికీలకు నల్లగుడ్డ, తెర వెనక నల్లటి పరదా కడదాం. ప్రొజెక్టర్ ఫిల్టర్ ముందురోజే దులపాలి. ఫోటో యూనిఫాంలోది కాకుండా, సెలవులో తెల్లచొక్కాతో తీయించుకున్నది వాళ్ళింట్లో ఉంది, అడిగాను, ఇస్తామన్నారు. అమ్మగారికి మాత్రం తెరకు ఎదురుగా, సరిగ్గా మధ్యలో కుర్చీ వేయమని కమిటీ వారిని కోరుతున్నాను. వక్తలం మనం పక్కన కూర్చుందాం.

జై హింద్.