బహుమతి తరువాత పాఠకుని బాధ్యత
(గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠం)



అంతర్జాతీయ బుకర్ బహుమతి వార్తలను ఏటా శ్రద్ధగా చదవడం నాకు అలవాటు. మొదట 13 పుస్తకాల జాబితా వెలువడుతుంది. తరువాత 6 మిగులుతాయి. సాధారణంగా మే నెలలో విజేతను ప్రకటిస్తారు. ఇతర భాషల నుంచి ఇంగ్లీషులోకి అనువాదమైన పుస్తకానికే ఈ గౌరవం. 50 వేల పౌండ్లను రచయిత, అనువాదకులు చెరిసగం పంచుకుంటారు. అనువాదకుల శ్రమకు ఇంత విలువనిచ్చే పురస్కారాలు అరుదు.

2022లో హిందీ రచయిత్రి గీతాంజలి శ్రీ నవలకు ఈ బహుమతి లభించింది. 2025 మే 20న కన్నడ రచయిత్రి బాను ముష్తాక్ 'హార్ట్ ల్యాంప్' కథల సంపుటి దానిని గెలుచుకున్నది. అనువాదకురాలు దీపా భస్తి. ఒక కథాసంపుటికి ఈ బహుమతి దక్కడం అదే మొదటిసారి. అందులోని 12 కథలలో దక్షిణాది ముస్లిం స్త్రీల జీవితం కనిపిస్తుంది.

ఆ వార్త విని మనమంతా గర్వించాం. అయితే ఆమె జీవితాన్ని కూడా తెలుసుకోవాలి. హాసన్ పట్టణంలో న్యాయవాదిగా, ఉద్యమకారిణిగా పనిచేసిన ఆమె, మసీదులో స్త్రీలకు ప్రార్థన హక్కు ఉండాలన్నందుకు 2000 సంవత్సరంలో సాంఘిక బహిష్కరణకు గురయ్యారు. 2025లో మైసూరు దసరా ఉత్సవాలను ప్రారంభించడానికి కర్ణాటక ప్రభుత్వం ఆహ్వానించినప్పుడు, ముస్లిం కనుక ఆమె తగరని కొందరు న్యాయస్థానాలకెక్కారు. హైకోర్టు, సుప్రీంకోర్టు ఆ అభ్యంతరాలను తోసిపుచ్చాయి. సెప్టెంబరు 22న ఆమె ఉత్సవాలను ప్రారంభించారు.

స్త్రీవి కనుక ఇక్కడ నీకు చోటు లేదన్నది మొదటి మాట. ముస్లింవు కనుక అక్కడ నీకు చోటు లేదన్నది రెండవ మాట. రెండవదాన్ని ఖండించడం మనకు సులభం. మొదటిదాన్ని కూడా అంతే గట్టిగా ఖండించినప్పుడే మన హక్కుల వాదానికి నైతిక బలం చేకూరుతుంది. రాజ్యాంగాన్ని వీధిలో చూపి, గుమ్మం దాటగానే మడిచిపెట్టడం న్యాయం కాదు.

మన తెలుగులోనూ గర్వించదగినవారున్నారు. సలీం గారి 'కాలుతున్న పూలతోట' నవలకు 2010లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథలకు 2012లో అకాడమీ యువ పురస్కారం వచ్చింది. అభినందన సభలకు మనం వెళతాం, శాలువాలు కప్పుతాం. ఆ పుస్తకాలు మన ఇళ్లలో ఎన్ని ఉన్నాయి? మన ఆడపిల్లల చేతికి ఎన్ని అందాయి?

అందుకే నాదొక విన్నపం. పురస్కారం ప్రకటించిన మరుసటి నెలలో ఆ పుస్తకం రెండు ప్రతులైనా మహల్లా గ్రంథాలయానికి కొందాం. ఒక ఆదివారం చదివి చర్చిద్దాం. ఆ చర్చలో మొదటి మాట స్త్రీలది కావాలి. వారు చెప్పేది మనకు రుచించకపోయినా చివరిదాకా విందాం. రచయితకు మనమివ్వగల అసలైన సన్మానం అదే.