లాకు మిగిలినది



ఎవరి స్మృత్యర్థము ఈ ఉపన్యాసము ఏర్పాటైనదో ఆ పెద్దమనిషిని మీరందరును సరంగు తాత యనియే యెరుగుదురు. అసలు పేరుపెట్టి పిలిచినచో ఆయన వెనుదిరిగి చూడడని మనలో మనము వేళాకోళమాడుటయు కలదు. చుక్కాని పట్టిన చేతులతోనే తరువాతి కాలమున గేదెల పలుపు పట్టి, కడపటి దినములలో ప్రతి సాయంకాలమును పాత కాలువ గట్టుమీద కూర్చుండి, దారిన పోవు ప్రతివానితోను “ఓడ పోయింది బాబూ, లాకు మిగిలింది” అని ఆయన అనుచుండెడివాడు. బాల్యమున నేనా మాటను విసుగుతో వింటిని. ఇప్పుడు దానినే శీర్షికగా పెట్టుకొని మీ యెదుట నిలువవలసి వచ్చినది.

ఈ లాకు ఏల పుట్టినదో తెలియవలెనన్న నదివెంట దిగువకు పోవలెను. 1847లో మొదలిడి 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్టను ముగించిన ఆర్థర్ కాటన్ దొరకు గోదావరి పొలములకు నీరిచ్చు నదిగా మాత్రమే కానరాలేదు. నాగపూరు, బేరారు నల్లరేగడి భూముల ప్రత్తిని కాకినాడ రేవునకు దింపగల రాజమార్గముగా కానవచ్చినది. ఆయన శిష్యకోటిలోనివాడైన కెప్టెన్ హెయిగ్ నది పొడవునను తిరిగి కొలతలు తీసి, వరదకాలమున ఓడలు సాగు నీటిదారికి మూడు చోట్ల రాతిబండలు అడ్డుపడుచున్నవని తేల్చెను. మొదటి అడ్డంకి మన దుమ్ముగూడెము, రెండవది ఇచ్చంపల్లి, మూడవది ప్రాణహితమీద దేవలమర్రి. ఎండకాలమున మన పిల్లలు ఒకదానిమీదనుండి మరియొకదానిమీదికి దుముకుచు ఆడుకొను ఆ బండలే లండను నగరమున కూర్చున్నవారికి కొన్నేండ్లపాటు నిద్రలేకుండ చేసినవనిన మీకు నవ్వు రావచ్చును.

అయినను అది నవ్వులాట కాదు. 1860లో నిజాము ప్రభువుతో జరిగిన ఒడంబడికలో గోదావరి ఎడమగట్టు తాలూకాలు ఇంగ్లీషువారికి దఖలుపడుటయు, నదిమీది వర్తకమునకు సుంకము లేకుండ పోవుటయు ఈ నౌకామార్గమును దృష్టియందుంచుకొనియే జరిగినవి. మనము నిజాము రాజ్యమునుండి విడివడి మొదట మధ్యపరగణాలలో ఎగువ గోదావరి జిల్లాగాను, 1874 తరువాత చెన్నరాజధానిలో గోదావరి జిల్లాలోను చేరి, తిరిగి 1959లో ఖమ్మము జిల్లాకు వచ్చితిమి; ఈ తిరుగుళ్ళన్నిటికిని మూలము వెదకినచో ఒక ఆవిరి ఓడ కనబడును. భాషయో కులమో సరిహద్దులు గీయుట లోకమున చూచియున్నాము గాని, ఇంకను రాని ఓడకొరకు సరిహద్దు గీయబడిన తాలూకా మనది.

1861లో అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగి లంకషైరు మిల్లులకు ప్రత్తి ఆగిపోగా, కాటన్ దొర మాటకు ఒక్కసారిగా విలువ వచ్చినది. మధ్యపరగణాల అధికారియైన రిచర్డ్ టెంపుల్ గోదావరి నౌకాయానముపై 1863లో నివేదిక వ్రాసెను. ఇచ్చట నదికి అడ్డముగా ఆనకట్ట లేచినది. బండలను తప్పించుకొని పోవుటకు ప్రక్కన కాలువ త్రవ్వబడినది. కాలువకు లాకులు కట్టబడినవి. లాకు పని చేయుట నేటి పిల్లలకు తెలియదు కనుక సరంగు తాత చెప్పినట్లే చెప్పెదను: పడవ గదిలోనికి వచ్చును, వెనుక తలుపులు మూయుదురు, ఎగువ తూము ఎత్తుదురు, నీరు అడుగునుండి ఉబికి పడవను పసిబిడ్డనువలె పైకెత్తును, ఎగువ మట్టమునకు రాగానే ముందు తలుపులు వాటంతటవే తేలికపడును. బలముతో తెరువబోయినవాడు మూర్ఖుడు, నీరు సమమైనదాక ఓపిక పట్టినవాడే లాకుమనిషి అని ఆయన అనెడివాడు.

ఓపిక పట్టనివారు పైన నుండిరి. 1867 నాటికి బొంబాయినుండి రైలు నాగపూరు చేరినది. ప్రత్తిమూట పడమటి సముద్రమునకు చులకనగా పోవుచుండగా, మూడు అడ్డంకులు దాటి తూర్పు సముద్రమునకు దింపవలసిన అగత్యమేమి? 1871లో పని నిలిపివేయబడెను. ఆ 1871లోనే భూగర్భశాస్త్రశాఖకు చెందిన డాక్టర్ కింగ్ ఇల్లందు చెంత బొగ్గును కనుగొనెను. స్టీమరుకు కావలసిన ఇంధనము నదికి కొన్ని ఆమడల దూరమున బయటపడిన యేటనే స్టీమరుల కొరకైన పని ఆగిపోయినది. ఆ బొగ్గు అటుపిమ్మట రైలుబండ్ల కడుపు నింపినది. చరిత్రకు హాస్యరసము లేదనువారు ఈ యొక్క సంవత్సరమును చదివిన చాలును.

ఇంజనీర్లు వెడలిపోయిరి. వారి వెంట వచ్చిన క్రైస్తవ మిషను మిగిలినది. మిషను దొరసానులు నేర్పిన లేసు అల్లిక మన ఆడపడుచుల వ్రేళ్ళయందు తరతరములు నిలిచినది. కోట్ల మణుగుల రాయి చేయలేని పనిని ఒక నూలుపోగు చేసినదని నేను అనుకొనుట కలదు.

పెద్ద ఓడ రాకపోయినను చిన్న ఓడలు ఆగలేదు. రాజమహేంద్రవరము రేవునుండి పోలవరము, దేవీపట్నము, పాపికొండల నడిమి ఇరుకు, శబరి కలియు కూనవరము మీదుగా భద్రాచలము వరకు లాంచీలు నడిచినవి. శ్రీరామనవమికి కల్యాణము చూడవచ్చు యాత్రికుల తలంబ్రాల మూటలు, చంటిబిడ్డల ఉయ్యాలలు, తవ్వెడు బియ్యము, పచ్చడి జాడీలు ఆ లాంచీలలోనే వచ్చినవి; దిగువకు పోవునప్పుడు వెదురు తెప్పలు ప్రక్కనే తేలుచు వచ్చెడివి. ముందుకొన కళాసి నిలువబడి గెడతో లోతు చూచి కేకవేయుట, ఆ కేకనుబట్టి సరంగు చుక్కాని త్రిప్పుట, ఇసుకమేట తగిలినచో మగవారందరు మోకాలిలోతు నీటిలో దిగి త్రోయుట — ఇవి నేను పుస్తకములలో చదివినవి కావు. 1965లో భద్రాచలము వంతెనను రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన తరువాత బస్సు ముందు లాంచీ నిలువలేకపోయినది. ఎనిమిదేండ్లకు, 1973లో, బాపు రమణలు “అందాల రాముడు” తీసి అదే ప్రయాణమును తెరమీద శాశ్వతము చేసిరి. ఆ చిత్రమును సరంగు తాత మూడు మారులు చూచెనట. కథ ఎట్లున్నదని యడుగగా, “నీరు తగ్గినచోట తీశారు” అని మాత్రము సెలవిచ్చెను.

లోకములో ఓడలను కాపాడుకొన్నవారున్నారు. అట్లాంటిక్ మహాసముద్రమును దాటుచు 1936నుండి యాత్రికులను మోసిన క్వీన్ మేరీ 1967లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ చేరి నేటికిని పూటకూటి ఓడగా నున్నది. 1952లో మూడు దినముల పదిగంటల నలువది నిమిషములలో ఆ సముద్రమును దాటి జగత్ప్రసిద్ధి గాంచిన యునైటెడ్ స్టేట్స్ అను ఓడకు ఆ భాగ్యము లేకపోయినది. 1969లో విశ్రాంతి నొంది, 1996నుండి ఫిలడెల్ఫియా రేవున తుప్పుపట్టుచున్న దానిని ఓడకు రూపకల్పన చేసినవాని మనుమరాలును, ఒకప్పుడు దానిమీద పయనించినవారును, పనిచేసినవారి సంతతివారును సంఘముగా కూడి చందాలు పోగుచేసి ఏండ్ల తరబడి నిలుపజూచిరి. చివరకు రేవు అద్దె తగవు న్యాయస్థానమునకెక్కి, ఓడ ఫ్లోరిడాలోని ఒక కౌంటీకి చెందినది. చేపలకు దిబ్బగా సముద్రమున ముంచుటకై 2025 ఫిబ్రవరిలో దానిని లాగుకొనిపోయిరి. ఆ ఓడ జ్ఞాపకములకై గట్టుమీద ఒక ప్రదర్శనశాల కట్టవలెనని ఆ సంఘమువారి సంకల్పము. వారికి ఓడ పోయి గట్టు మిగిలినది. అనగా సరంగు తాత మాట ఫిలడెల్ఫియాకును చేరినది.

మన తెలుగు తీరమున ఈ విషయమున రెండు ఓడలు నా కన్నుల ముందు నిలుచును. స్వతంత్ర భారతమున నిర్మితమై 1948 మార్చి 14న విశాఖలో జవహర్లాల్ నెహ్రూ చేతులమీదుగా నీట దిగిన జలఉష నేడు ఏ రేవునను లేదు. పేరు మాత్రము పాఠ్యపుస్తకములలో నిలిచినది. 1969లో నౌకాదళమున చేరి 2001లో విరమించిన కుర్సుర జలాంతర్గామి మాత్రము రామకృష్ణా బీచి ఇసుకమీదికి లాగబడి 2002నుండి ప్రదర్శనశాలయైనది. నేనందు కాలిడినప్పుడు నన్నాకర్షించినది ఇనుపగొట్టములు కావు. అచ్చట దారిచూపువారు విశ్రాంత నావికులు. పడకల మధ్య దారి ఎంత ఇరుకో చూపుటకై వారిలో నొకరు తన భుజమును ప్రక్కకు వంచి నడిచిరి; ఆ వంపు పుస్తకములో దొరకదు. ఆ మనుష్యులు లేని నాడు అది ఇనుపపెట్టె.

కావున ఓడను నిలుపుటయా, లేక ఓడ యెరిగినవారి మాటను నిలుపుటయా అని నన్నడిగినచో, రెండవదానికే నా ఓటు. పండితులు కొందరు దీనికి సమ్మతింపరు. వస్తువు లేని జ్ఞాపకము పుక్కిటి పురాణమగునందురు. నిజమే కావచ్చును. అందుకే మనకు లాకు కావలెను. 2008లో భద్రాచలము రాజమహేంద్రవరముల నడుమ 171 కిలోమీటర్ల గోదావరిని జాతీయ జలమార్గమనిరి. 2016 చట్టముతో అది నాసికు వరకు పొడిగింపబడి, కాగితముమీద దుమ్ముగూడెము మరల నౌకామార్గమున చేరినది. ఆనకట్ట చెంత సీతారామ ఎత్తిపోతల పథకమునకై క్రొత్త పనులు లేచుచున్నవి. నీరు పొలములకు పోవుట నాకు సంతోషమే. ఈ సందడిలో పాత కాలువ రాళ్ళు ఎవరి ప్రహరీగోడకో పోకుండ చూచుట మాత్రము గ్రామస్థులే చేయవలసిన పని; ఇప్పటికే కొన్ని పోయినవి, ఏ యింటికి పోయినవో ఈ సభలో నేను చెప్పను.

ఈ వేదికమీద పూలదండ వేయబడిన ఆ వెదురుగెడ సరంగు తాతది. దానిమీద కత్తితో పెట్టిన గంట్లు మూడు వరుసలుగా నున్నవి. మొదటి వరుస మూరలని ఆయన మనుమడు చెప్పెను. రెండవది లాంచీ మునుగు లోతని కూనవరమునుండి వచ్చిన ఒక పాత కళాసి గుర్తించెను. మూడవ వరుసలో గంట్లు సమదూరమున లేవు, ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరముగా నున్నవి. అవి లోతులో, రేవులో, వరద యేడులో తెలియుట లేదు. నదిమీద పనిచేసిన పెద్దలెవరైన ఈ సభలో నున్నచో, ముగిసిన పిమ్మట వెళ్ళిపోక, ఒక్కమారు వచ్చి ఆ గెడను చేతబట్టి చూడుడు.